హైదరాబాద్‌లో సొంత పాటల కచేరీలు, చిన్న వేదికల కార్యక్రమాలు జరిగిపోయాక కాకుండా ముందే తెలిసేదెలా?

విజయనగరం_వీణ
ఉద్యోగం కోసం నేను విజయనగరం నుంచి హైదరాబాద్ వచ్చి ఎనిమిది నెలలయింది. కొండాపూర్‌లో ఉంటున్నాను. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు మాది. బడి నుంచి వచ్చేటప్పుడు ఆ కిటికీల్లోంచి వయొలిన్ సాధన వినబడేది. దాని గురించి ఎవరూ ప్రకటన ఇవ్వనక్కరలేదు, గోడ పక్కన కాసేపు ఆగితే చాలు. ఇంత పెద్ద నగరంలో దానికి పదింతలు ఉంటుందని ఆశపడి వచ్చాను. ఉందనే తెలుస్తోంది, కాని ప్రతిసారీ మర్నాడు తెలుస్తోంది. ఎవరో తీసిన ముప్పై సెకన్ల వీడియో ఫోన్లో చూసి, ఇది మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలోనే జరిగిందా అని బాధపడడం అలవాటైపోయింది.

పోయిన నెలలో ఒక కెఫేలో తెలుగు ఇండీ రాత్రి, అంటే సినిమావి కాని సొంత పాటల రాత్రి, అని ప్రకటన చూసి 799 రూపాయలు పెట్టి వెళ్లాను. రెండున్నర గంటలూ సినిమా పాటలే పాడారు. చివరికి పనివాళ్లు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ ఉండగా, గాయకుడు తాను రాసుకున్న ఒకే ఒక్క పాట పాడాడు. ఆ సాయంత్రం మొత్తంలో నాకు గుర్తున్నది ఆ పాటే. అటువంటి పాటలు ముందు నుంచీ వినిపించే చోట్లు ఈ ఊళ్లో ఎక్కడున్నాయో, వాటి సంగతి ముందుగా తెలిసే దారేమిటో చెప్పండి. శాస్త్రీయమైనా, జానపదమైనా, నాటకమైనా నాకు ఇష్టమే.

మూడో_వరుస
టికెట్లు అమ్మే యాప్‌లలో పైన కనబడేవి ఎక్కువ మంది కొనేవి. బుక్‌మైషో, డిస్ట్రిక్ట్ తెరవగానే స్టాండప్ కామెడీలు, డీజే రాత్రులు, పెద్ద మైదానాల్లో జరిగే కచేరీలు వరుసగా వస్తాయి. నలభై మంది పట్టే గదిలో జరిగే పాట ఆ వరుసలో ఎక్కడో అడుగున ఉంటుంది, చాలాసార్లు అసలే ఉండదు. అందుకని కార్యక్రమాన్ని వెతకడం మానేసి వేదికను పట్టుకోండి. పది వేదికల ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలకు గంట గుర్తు నొక్కి పెట్టుకుంటే, ఏ యాప్ చెప్పనిది అవి చెబుతాయి.

చిక్కడపల్లి_పాతకాపు
వీణ గారు విజయనగరం పేరెత్తగానే ప్రాణం లేచి వచ్చింది. నాకు అరవై ఏడేళ్లు, ఇన్‌స్టాగ్రామ్ లేదు, అయినా వారానికి మూడు కార్యక్రమాలు చూస్తున్నాను. తెలుగు దినపత్రికల నగర అనుబంధంలో లోపలి పేజీన ‘నగరంలో నేడు’ వంటి పేరుతో ఒక చిన్న పెట్టె ఉంటుంది. అక్షరాలు చీమల బారులా ఉంటాయి కాబట్టి చాలామంది దాటవేస్తారు. రవీంద్ర భారతిలో ఎన్నింటికి ఏముంది, త్యాగరాయ గానసభలో ఏ వేదిక మీద ఏముంది, నాంపల్లి తెలుగు విశ్వవిద్యాలయం ఎన్టీఆర్ కళామందిరంలో ఏముంది అన్నది అందులో ఒక్కొక్క పంక్తిలో దొరుకుతుంది.

ఇంకొక పద్ధతి దీనికన్నా నమ్మకమైనది. చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌లో దిగి గానసభ గేటు దగ్గర రెండు నిమిషాలు నిలబడండి. అక్కడ కట్టిన ఫ్లెక్సీలు చదివితే వారం రోజుల పంచాంగం తెలిసిపోతుంది. నిన్నటి దాని తాడు విప్పకుండానే ఇవాళ్టిది దాని మీద కట్టేస్తారు, అందుకని పక్కకు తిరిగి అంచులు కూడా చదవాలి. లోపల పెద్ద హాలుతోపాటు కళా సుబ్బారావు కళావేదిక వంటి చిన్న హాళ్లూ ఉన్నాయి, ఒకే సాయంత్రం రెండు చోట్ల రెండు కార్యక్రమాలు నడుస్తుంటాయి. దాదాపు అన్నీ ఉచితమే.

ఐదున్నర_శ్రుతి
పాతకాపు గారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ ఉచిత కార్యక్రమాలకు కొత్తవాళ్లను పంపే ముందు ఒక హెచ్చరిక అవసరం. నేను ఒక హాల్లో వేణుగానం ఉందని ఆరు గంటలకు వెళ్లాను. ముఖ్య అతిథి ఏడుంపావుకు వచ్చారు, ఆ తరువాత జ్యోతి ప్రజ్వలన జరిగింది, ఆరుగురు మాట్లాడారు, పదకొండు మందికి శాలువాలు కప్పి జ్ఞాపికలు ఇచ్చారు. వేణువు ఎనిమిదీ ఇరవైకి మొదలై తొమ్మిదికి పది నిమిషాల ముందే ముగిసింది. ఆ కళాకారుడు ఊరు దాటి వచ్చిన మనిషి, రెండు గంటలకు పైగా వేదిక పక్కన వేణువు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సంగీతం వినడానికి వచ్చినవాళ్లలో సగం మంది అప్పటికే లేచిపోయారు.

చిక్కడపల్లి_పాతకాపు
ఐదున్నర_శ్రుతి చెప్పింది నిజమే, నాకూ ఎన్నోసార్లు అలా జరిగింది. కాని ఆ శాలువా వెనకాల ఉన్న లెక్క కూడా తెలుసుకోవాలి. ఈ కార్యక్రమాలు చేసేవి చిన్న చిన్న సాంస్కృతిక సంస్థలు. వాటికి టికెట్ ఆదాయం లేదు. హాలు అద్దె, మైకు, పక్కవాద్యాల వారి పారితోషికం, బ్యానరు, టీ ఖర్చు ఎవరో ఒక దాత ఇస్తేనే ఆ సాయంత్రం జరుగుతుంది, ఆ దాతకు సభలో మర్యాద చేయక తప్పదు. నేను ఒక సంస్థకు పద్నాలుగేళ్లు కార్యదర్శిగా పనిచేశాను. శాలువా లేకుండా కచేరీ చేద్దామని ఒక ఏడాది పట్టుబట్టాను, ఆ ఏడాది మేం చేసినవి రెండే కచేరీలు. మనం టికెట్ కొనే రోజు వస్తే ఉపన్యాసాలు వాటంతటవే తగ్గుతాయని నా నమ్మకం.

మూడో_వరుస
గంటన్నర ఆలస్యంగా వెళ్లడమే దానికి మందు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఒకసారి అలా వెళ్లాను, ఆ రోజే అతిథి రాలేదు, కచేరీ సమయానికి మొదలై నేను వెళ్లేసరికి మంగళం పాడుతున్నారు.

బేస్_తీగ
వీణ గారి 799 రూపాయల సాయంత్రం గురించి అటువైపు నుంచి చెబుతాను. నేను తొమ్మిదేళ్లుగా ఈ నగరంలో బ్యాండ్లలో బేస్ గిటార్ వాయిస్తున్నాను, నలుగురం కలిసి తెలుగులో సొంత పాటలు చేసుకుంటాం. కెఫే లేదా పబ్బు యజమాని మమ్మల్ని పిలిచేటప్పుడు పాటల జాబితా ముందుగా పంపమంటాడు. అందులో జనానికి తెలిసిన సినిమా పాటలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకుంటాడు. జనం గొంతు కలిపితే ఇంకో గంట కూర్చుంటారు, కూర్చుంటే ఇంకొకటి తెప్పించుకుంటారు, అతని బిల్లు పెరుగుతుంది. తెలియని పాట మొదలవగానే బల్లల దగ్గర మాటలు పెరుగుతాయి. వేదిక మీద నిలబడితే అది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

మాకు ఇచ్చేది నలుగురికీ కలిపి పన్నెండు వేలు, పదిహేను వేలు. అందులో సాధన గది అద్దె, ఆటోల ఖర్చు పోగా ఒక్కొక్కరికి మిగిలేది రెండు వేల చిల్లర. అందుకే సొంత పాటలను చివర్న దాచుకుని, అప్పటికి మిగిలిన ఇరవై మంది కోసం పాడతాం. మీరు ఆ రోజు ఆ ఆఖరి పాట దాకా కూర్చున్నారు చూడండి, ఆ గాయకుడికి అది ఎంత పెద్ద విషయమో మీకు తెలియకపోవచ్చు. వెళ్లి ఆ మాట చెప్పాల్సింది.

విజయనగరం_వీణ
చెప్పలేదు, మొహమాటపడ్డాను. బేస్_తీగ గారూ, అలాగైతే మీ సొంత పాటలు మొదటి నుంచీ పాడే చోటు ఏదీ లేదా?

బేస్_తీగ
ఉన్నాయి. తినడం, తాగడం మీద బతకని చోటు ఏదైనా సరే. బంజారా హిల్స్ లామకాన్, గచ్చిబౌలి వైపు రంగభూమి స్పేసెస్, హైటెక్ సిటీ ఫీనిక్స్ అరీనా, బంజారా హిల్స్ రోడ్ నంబర్ 8లోని సప్తపర్ణి, ఇంకా జర్మన్, ఫ్రెంచ్ భాషలు నేర్పే గోథే జెంట్రుమ్, అలయాన్స్ ఫ్రాన్సైజ్. జూన్ 21న ప్రపంచ సంగీత దినోత్సవం వస్తుంది. 1982లో ఫ్రాన్స్‌లో మొదలైన ఆ రోజును అలయాన్స్ వాళ్లు ఇక్కడా జరుపుతారు, చిన్న బ్యాండ్లకు అది మంచి అవకాశం. సోఫార్ సౌండ్స్ పేరు కూడా గుర్తు పెట్టుకోండి. 2009లో లండన్‌లో ఒక ఇంటి గదిలో మొదలైన పద్ధతి అది, ఎవరు పాడుతున్నారో ముందు చెప్పరు, చోటు ఎక్కడో కూడా ముందురోజే చెబుతారు. వచ్చినవాళ్లు ఫోన్లు పక్కన పెట్టి నేలమీద కూర్చుని వింటారు. హైదరాబాద్‌లోనూ జరిగాయి, మేం ఒకసారి వాయించాం. ముగ్గురో నలుగురో దగ్గితే తప్ప ఏ చప్పుడూ లేని గదిలో మా పాట మాకే మొదటిసారి పూర్తిగా వినబడింది.

మెట్ల_మీద_చాయ్
లామకాన్ పేరు వచ్చింది కాబట్టి ఆగలేకపోతున్నాను. 2010 మార్చిలో తెరిచినప్పటి నుంచి వెళుతున్నాను. అది ఛాయాచిత్రకారుడు మొయిద్ హసన్ గారి ఇల్లు, ఆయన పోయాక కుటుంబం దాన్ని అందరి కోసం తెరిచింది. లామకాన్ అంటే ఇల్లూ ఎల్లా లేనిదని అర్థం. రోడ్ నంబర్ 1 హోరులోంచి ఒక సందులోకి తిరిగి వంద అడుగులు వేస్తే చెట్టు, దాని వెనక పెద్ద బండ, ఆ బండ ముందు వేదిక కనిపిస్తాయి. వానాకాలంలో ఆ రాయి నల్లగా తడిసి, వేదిక దీపం దాని మీద పడి మెరుస్తుంది. సమోసా, ఇరానీ చాయ్ తీసుకుని రాతిమెట్ల మీద కూర్చుంటే ఒకరోజు ఉర్దూ కవిత్వం, ఒకరోజు తెలుగు నాటకం, ఇంకొకరోజు మీరు పేరు వినని బ్యాండు. కళాకారుల దగ్గర నామమాత్రపు అద్దె తీసుకుంటారు కాబట్టే కొత్తవాళ్లు ధైర్యంగా సొంత పాటలు వినిపిస్తారు.

ఒక ఏడాది అక్కడ డోలక్ కే గీత్ పాడే పెద్దావిడలు వచ్చారు. పెళ్లిళ్లలో ఆడవాళ్లు కూర్చుని పాడుకునే దక్కనీ పాటలవి. మా అమ్మమ్మ పక్కింటి ఖాలా నోట చిన్నప్పుడు విన్న పాట నలభై ఏళ్ల తరువాత మళ్లీ వినబడేసరికి నాకు కన్నీళ్లు ఆగలేదు. ఆ కార్యక్రమం ఏ యాప్‌లోనూ లేదు. అంతకు ముందు వారం వేరే దానికోసం వెళ్లి, గోడమీద అంటించిన కాగితం చూసి తెలుసుకున్నాను.

ఐదున్నర_శ్రుతి
చూశారా, పాతకాపు గారి ఫ్లెక్సీ, మీ గోడ కాగితం రెండూ ఒకే మాట చెబుతున్నాయి. ఒక కార్యక్రమానికి వెళితేనే తరువాతి దాని సంగతి తెలుస్తుంది. మొదటిదానికి వెళ్లడమే కష్టం.

బెంగళూరు_నుంచి_బదిలీ
ఆరేళ్లు బెంగళూరులో ఉండి వచ్చాను. 2004లో తెరిచిన రంగశంకర నాటకశాలలో నాటకం ఏడున్నరకంటే ఏడున్నరకే, ఒక్క నిమిషం ఆలస్యమైనా తలుపు తీయరు. అతిథి కోసం ఆపడం అక్కడ ఊహకు అందదు. చెన్నైలో మార్గళి నెల వస్తే సభల కార్యక్రమాల పట్టికలు నెల ముందే చేతికి వస్తాయి, ఏ సభ క్యాంటీన్‌లో ఏం బాగుంటుందో కూడా జనానికి తెలుసు. హైదరాబాద్‌లో ఆ క్రమం లేదు, అందుకే ఇక్కడ కళ తక్కువని నాకు అనిపిస్తుంది.

యాకుత్‌పురా_ఫనా
బదిలీ గారూ, పట్టిక లేకపోతే కళ లేదనడం న్యాయం కాదు. గురువారం సాయంత్రం నాంపల్లి యూసుఫైన్ దర్గాకు వెళ్లండి. ఖవ్వాలీ ఉంటుంది, టికెట్ లేదు, పోస్టరు లేదు, ఏ యాప్‌కూ ఆ సంగతి తెలియదు. తలమీద రుమాలు వేసుకోవాలి, చెప్పులు బయట విడవాలి. ఎవరికైనా ఒక పంక్తి గుండెకు తగిలితే లేచి వెళ్లి ఖవ్వాల్ ముందు నోటు ఉంచుతారు, అప్పుడు ఆయన అదే పంక్తిని మళ్లీ ఎత్తుకుంటాడు. ఆ నోటుకూ ఆ పంక్తికీ మధ్య జరిగేది చూడడానికైనా వెళ్లాలి. వార్సీ సోదరుల ఇంటి ఖవ్వాలీ ఈ నగరానిదే, సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందిన కుటుంబం అది.

మార్ఫా డప్పుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ అశ్వికదళంగా (ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్) పనిచేసినవారి వంశీకులు ఉండే పేటనే నేటికీ ఏసీ గార్డ్స్ అంటున్నాం. అక్కడి నుంచి, అరబ్బులు స్థిరపడిన బార్కస్ నుంచి వచ్చిన తాళం అది. మా గల్లీలో ఏ పెళ్లి బరాత్ బయలుదేరినా మార్ఫా మోగుతుంది. బోనాల ఊరేగింపులోనూ, గణేశ్ నిమజ్జనంలోనూ అదే దెబ్బ వినిపిస్తుంది. దానికి తేదీ ఎవరు ప్రకటిస్తారు?

బెంగళూరు_నుంచి_బదిలీ
ఫనా గారి మాట ఒప్పుకుంటున్నాను. నేను వెతికింది నాకు అలవాటైన చోట మాత్రమే. దర్గాకు ఈ గురువారమే వెళతాను.

విజయనగరం_వీణ
ఒక సందేహం. నేను ఒంటరిగా వెళ్లి రావాలి. కొండాపూర్ నుంచి చిక్కడపల్లి, నాంపల్లి దూరమే. కార్యక్రమం ఎన్నింటికి ముగుస్తుందో ఎక్కడా రాయరు. తిరుగు ప్రయాణం తెలియక మూడుసార్లు వెళ్లడం మానుకున్నాను.

తార్నాక_తంబుర
మెట్రో రాత్రి పదకొండు ప్రాంతం దాకా దొరుకుతుంది. రవీంద్ర భారతికి అసెంబ్లీ లేదా లక్డీకాపూల్, దర్గాకు నాంపల్లి, లామకాన్‌కు ఎర్రమంజిల్ లేదా పంజాగుట్టలో దిగి ఆటో. మీవైపు హైటెక్ సిటీ స్టేషన్ దాకా వచ్చి అక్కడి నుంచి ఇంటికి బండి చూసుకోండి. నేను పదేళ్లుగా ఒంటరిగానే వెళుతున్నాను. హాల్లో మొదటి పది నిమిషాలే కొత్తగా ఉంటుంది, రెండోసారి వెళ్లేసరికి ఎవరో ఒక పెద్దావిడ పక్క కుర్చీ మీద సంచి పెట్టి నాకోసం ఆపడం మొదలుపెట్టింది. వారాంతంలో మీకు దగ్గరగా మాదాపూర్ శిల్పారామం ఉంది. ప్రవేశ రుసుముతోనే ఆంఫీథియేటర్లో కూచిపూడి, భరతనాట్యం చూడవచ్చు, పెందలాడే అయిపోతాయి. పిల్లల అరంగేట్రాలు ఎక్కువ, అయినా మంచి నట్టువాంగం (నాట్యానికి తాళం వేస్తూ చెప్పే జతులు) వినిపిస్తుంది.

సౌండ్_పెట్టె
నేను కార్యక్రమాలకు సౌండ్ సమకూరుస్తాను, అప్పుడప్పుడు నేనే నిర్వహిస్తాను కూడా. ఇక్కడ వచ్చిన ప్రశ్నల్లో మూడింటికి సమాధానం నా పనిలోనే ఉంది.

ఎన్నింటికి ముగుస్తుందంటే, ఆరుబయట అయితే పదికి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ప్రత్యేక అనుమతి ఉన్న కొన్ని పండుగ రోజులు వేరు. కాబట్టి వీణ గారు పది గంటలకు లెక్కవేసుకుని బయలుదేరవచ్చు.

టికెట్లు ఎందుకు 499 దగ్గర ఆగుతాయంటే, సంగీత, నృత్య, నాటక ప్రదర్శనలకు తలకు 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది, దాటితే 18 శాతం పడుతుంది. సొంత పాటల కార్యక్రమం చేసే చిన్న నిర్వాహకుడు ఆ గీత దాటడు. అందుకని టికెట్ 499 లోపు ఉండి, భోజనం కలపకపోతే, అది వినడం కోసం పెట్టిన కార్యక్రమం కావడానికి అవకాశం ఎక్కువ. ఇది నా అనుభవం, శాసనం కాదు.

ఇక అసలు ప్రశ్న, ముందుగా ఎందుకు తెలియదు అన్నది. శనివారం కార్యక్రమానికి పోస్టరు బుధవారం రాత్రి వస్తుంది, ఎందుకంటే మంగళవారం దాకా అది జరుగుతుందో లేదో మాకే తెలియదు. వేదిక వాళ్లు ఎక్కువ డబ్బిచ్చే పుట్టినరోజు పార్టీ వస్తే మా తేదీ మారుస్తారు. డ్రమ్మరుకు సినిమా రికార్డింగ్ పిలుపు వస్తే వెళ్లక తప్పదు. సినిమా పాటలు పాడితే, పాటల హక్కుదారుల సంస్థ ఐపీఆర్‌ఎస్‌కు లైసెన్సు రుసుము ఎవరు కట్టాలన్నది తేలాలి. ఒకసారి నేను మూడు వారాల ముందే పోస్టరు వేశాను, తరువాత రెండుసార్లు తేదీ మార్చాల్సి వచ్చింది, మూడోసారి ఎవరూ నమ్మలేదు. తొంభై కుర్చీలు వేస్తే పదిహేడు మంది వచ్చారు. ఆ పదిహేడు మంది కోసం బ్యాండు పూర్తి జాబితా వాయించింది, నేను స్పీకర్ల శబ్దం సగానికి తగ్గించి అందరినీ ముందుకు రమ్మన్నాను.

మూడో_వరుస
సౌండ్_పెట్టె చెప్పిన బుధవారం మాట చాలా విలువైనది. బుధవారం రాత్రి, గురువారం పొద్దున ఒక పావుగంట కేటాయిస్తే వారాంతం మొత్తం దొరుకుతుందన్నమాట.

కొత్తపేట_కోరస్
తెలుగులో సొంత పాటలు చేసే బ్యాండ్లు నిజంగా ఎన్ని ఉన్నాయి? నాకు తెలిసింది చౌరస్తా ఒక్కటే.

బేస్_తీగ
కాప్రిషియో ఉంది. తెలుగు కాకపోయినా హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన డెత్ మెటల్ బ్యాండు గాడ్‌లెస్ ఉంది. పేరు పెట్టుకోకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పాడేవాళ్లు ఇంకా ఎక్కువ. చౌరస్తా పల్లె మాటను జమైకా రెగే సంగీతం నడకలో పెట్టి ఊరూరా వినిపించింది, తెలుగు బ్యాండు కూడా సాధ్యమేనని మా అందరికీ ధైర్యం ఇచ్చింది అదే. దాన్ని మొదలుపెట్టిన రామ్ మిరియాల తరువాత సినిమా పాటల్లో పెద్ద పేరు తెచ్చుకున్నారు. మన దగ్గర గొంతు బాగుంటే సినిమా తీసుకుపోతుంది, అందులో తప్పేమీ లేదు, అక్కడే బతుకుతెరువు ఉంది. ఆ గొంతు సినిమాకు వెళ్లే లోపల దాని సొంత మాట వినడానికి నలభై మంది కావాలి, మాకు కావలసింది అంతే.

ఐదున్నర_శ్రుతి
ఇక్కడ బేస్_తీగతో కాస్త విభేదిస్తాను. వినేవాళ్లు లేరని బ్యాండ్లు అంటాయి, కాని చాలా బ్యాండ్లు తమ పాటల సాహిత్యం ఎక్కడా పెట్టవు. కొత్త పాట, డ్రమ్స్ హోరు, మాట అర్థం కాదు. గానసభలో పాడే కీర్తన నాకు పుట్టుకతో తెలుసు. మీ పాట నాకు తెలియాలంటే మీరే సాయం చేయాలి. ఒక కాగితం మీద నాలుగు పల్లవులు అచ్చువేసి కుర్చీల మీద పెట్టండి.

బేస్_తీగ
ఇది ఇంతవరకు మాకు ఎవరూ చెప్పలేదు. తప్పకుండా చేస్తాం.

సురభి_అభిమాని
నాటకం ఇష్టమన్నారు కాబట్టి సురభిని మరవకండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన కుటుంబ నాటకసమాజం అది, ఇప్పటికీ ఆ వంశాలవారే పిల్లాపాపలతో వేదిక ఎక్కుతున్నారు. నగరంలో పబ్లిక్ గార్డెన్స్ దగ్గర, రవీంద్ర భారతిలో చూశాను. పరదాలు ఒకదాని వెనక ఒకటి లేస్తుంటే, గాల్లోంచి బాణాలు వచ్చి ఢీకొంటుంటే మా ఆరేళ్ల అబ్బాయి కుర్చీ మీద నిలబడిపోయాడు. మీ కొండాపూర్‌కు లింగంపల్లి పక్కనే, వాళ్ల కాలనీ అక్కడే ఉంది.

చిక్కడపల్లి_పాతకాపు
నవంబరు చివరి రోజులు కూడా గుర్తు పెట్టుకోండి. పండిట్ జస్‌రాజ్ గారు తన తండ్రి, అన్నగార్ల పేరిట 1972లో మొదలుపెట్టిన మోతీరాం మణిరాం సంగీత సమారోహం ఏటా హైదరాబాద్‌లో జరుగుతుంది. దేశంలోని పెద్ద పెద్ద హిందుస్తానీ విద్వాంసులను టికెట్ లేకుండా వినవచ్చు. ఒక ఏడాది ఆయన పాడుతుండగా కరెంటు పోయింది. మైకు లేదు, దీపం లేదు. ఆయన ఆపలేదు. చివరి వరుసలో ఉన్న నాకు తంబుర శ్రుతి అంత స్పష్టంగా మునుపెన్నడూ వినబడలేదు.

తార్నాక_తంబుర
విద్యార్థులుంటే స్పిక్ మెకే సంగతి చెప్పండి. 1977 నుంచి కళాశాలల్లో ఉచితంగా కచేరీలు చేయిస్తున్న సంస్థ. మా విశ్వవిద్యాలయంలో ఒక రాత్రంతా జరిగిన సంగీతం ముగిసి బయటికి వచ్చేసరికి తెల్లవారి పాలబండ్లు తిరుగుతున్నాయి.

కొత్తపేట_కోరస్
ఇదంతా ఒకచోట పట్టికగా పెట్టుకుంటే బాగుంటుంది కదా. వాట్సాప్ గ్రూపు పెడదామా?

మూడో_వరుస
వాట్సాప్ వద్దు. నేను మూడు గ్రూపులు చూశాను, రెండు నెలలు కచేరీల సమాచారం, మూడో నెల నుంచి శుభోదయం బొమ్మలు, ఇళ్ల స్థలాల ప్రకటనలు. అందరూ చూడగలిగే, కొందరే మార్చగలిగే ఆన్‌లైన్ పట్టిక మేలు.

విజయనగరం_వీణ
ఆ పని నేను చేస్తాను. గడులు ఇలా పెడుతున్నాను. తేదీ, వేదిక, ప్రకటించిన సమయం, అసలు మొదలైన సమయం, ముగిసిన సమయం, సొంత పాటలా సినిమా పాటలా, టికెట్, దగ్గరి మెట్రో. రెండో సమయం గడి ఐదున్నర_శ్రుతి గారి వేణువు కోసం పెట్టాను. వెళ్లి వచ్చినవాళ్లే దాన్ని నింపాలి. నాలుగు వారాలు నింపితే ఏ వేదిక సమయం పాటిస్తుందో మనకే తెలుస్తుంది.

సౌండ్_పెట్టె
తేదీ పక్కన ‘ఖాయం’, ‘ఇంకా ఖాయం కాలేదు’ అని ఇంకొక గడి పెట్టండి. అది ఉంటే నేను పది రోజుల ముందే రాయగలను. మారితే మార్చాననీ రాస్తాను, అబద్ధమాడిన భయం ఉండదు.

యాకుత్‌పురా_ఫనా
దర్గాను, బరాత్‌ను మాత్రం పట్టికలో పెట్టకండి. చూడాలనుకున్నవాళ్లు నన్ను అడగండి, తీసుకెళతాను. అది కొందరి ప్రార్థన, కొందరి ఇంటి పెళ్లి. జనం గుంపుగా ఫోన్లు పట్టుకుని వస్తే బాగుండదు.

విజయనగరం_వీణ
ఫనా గారి మాట సబబు, పెట్టను.

నేను ఈ ప్రశ్న అడిగి మూడు వారాలయింది కాబట్టి చూసినవి చెబుతాను. పాతకాపు గారు చెప్పిన గేటు దగ్గర ఫ్లెక్సీ అంచులు చదివి గానసభ చిన్న హాల్లో ఒక వీణ కచేరీకి వెళ్లాను. శాలువాలు నలభై నిమిషాలు, వీణ గంటా పది నిమిషాలు. ముందు వరుసలో ఒక తాతగారు జేబులోంచి చిన్న కాగితం తీసి ప్రతి రాగం పేరూ పెన్సిలుతో రాసుకుంటున్నారు, చివర ఒకదాని దగ్గర ఆగి నావైపు తిరిగి ఇది ఏమిటమ్మా అని అడిగారు. రీతిగౌళ అని చెప్పాను. రాసుకున్నారు.

రెండోది బేస్_తీగ గారు చెప్పిన చోట్లలో ఒకటి. బుధవారం రాత్రి పోస్టరు చూశాను, 350 రూపాయలు. ఇద్దరు అమ్మాయిలు, ఒక గిటారు, ఒక కంజీర, అన్నీ తెలుగులో వాళ్లు రాసుకున్న పాటలే. మూడో పాటలో గిటారు తీగ తెగింది. ఆ అమ్మాయి తీగ మార్చుకుంటున్నంతసేపూ రెండో అమ్మాయి కంజీర ఒక్కదానితో, హాస్టల్ మెస్సులో చారు గురించిన పాట పాడింది. అందరం నవ్వుతూ తాళం వేశాం. అయ్యాక ఈసారి మొహమాటపడలేదు, వెళ్లి చెప్పాను. ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని, ఏ పాట నచ్చిందో పేరు చెప్పమని అడిగింది. పాటలకు ఇంకా పేర్లు పెట్టలేదట.

ఈ శనివారం లామకాన్‌లో ఒక కార్యక్రమం పట్టికలో ‘ఖాయం’ అని ఉంది. నేను వెళుతున్నాను, ఇంకెవరైనా వస్తున్నారా?

చిక్కడపల్లి_పాతకాపు
వస్తాను. మోకాళ్ల నొప్పి, ఆ రాతిమెట్ల మీద కూర్చోలేను. ఎవరైనా ఒక కుర్చీ చూసి పెట్టండి.

బేస్_తీగ
నేను సౌండ్ చెక్‌కు ఐదుకే అక్కడ ఉంటాను, కుర్చీ సంగతి నాకు వదిలేయండి. పల్లవుల కాగితాలు అచ్చువేయించాను, పంచడానికి ఒకరు సాయం కావాలి.

ఐదున్నర_శ్రుతి
నేను పంచుతాను.